గ్రిజెల్ వింట్ గీసిన అక్షరాలు

గ్రిజెల్ వింట్ చేతి అక్షరం చూసినవాళ్ళు ఆమెకు చదువు రాదంటే నమ్మేవారు కారు. పింగాణీ కప్పు గుండ్రంగా ఉంటుంది, చేతిలో జారుతుంది, తడి రంగుకు వేలు తగిలితే అంతా అలికినట్టవుతుంది. అలాంటి కప్పు మీద ఆమె గీటు కూడా కొట్టుకోకుండా పేరు మొదలుపెడితే, చివరి అక్షరం సరిగ్గా పిడి పక్కకు వచ్చి ఆగేది. ఏ వంపు ఎక్కడ సన్నబడాలో, ఏ పొట్ట ఎక్కడ లావెక్కాలో ఆమె కుంచెకు తెలుసు. ఆ అక్షరాన్ని నోటితో ఏమంటారో మాత్రం ఆమెకు తెలియదు.

ఎడిన్‌బరోకు తూర్పున, ఫోర్త్ అనే సముద్రపు పాయ ఒడ్డున, ఉప్పు పెనాల ఊళ్ళో ఆమె పుట్టింది. ఇల్లంత ఇనప పెనాల్లో సముద్రపు నీరు పోసి, కింద బొగ్గు మండించి ఉప్పు తీసే ఊరది. అక్కడ పుట్టిన ఏ బిడ్డకైనా బాప్తిస్మం ఇచ్చే రోజున పెనాల దొర తరఫు మనిషి వచ్చి తండ్రి చేతిలో ఒక నాణెం పెట్టేవాడు. దాన్ని బయానా అనేవారు. తండ్రి గుప్పిట మూశాడా, ఆ బిడ్డ చచ్చేదాకా ఆ పెనాల సొత్తే. వేరే చోటికి పోతే పట్టి తెస్తారు. దొర పెనాలు అమ్ముకుంటే మనుషులు కూడా వాటితో పాటే పోతారు.

గ్రిజెల్‌కు మాత్రం బయానా అందలేదు. ఆమె పుట్టిన సెప్టెంబరులోనే సింహాసనం తనదేనంటూ వచ్చిన యువరాజు వెంట కొండల నుంచి దిగిన సైన్యం, రాజుగారి సైన్యం పక్కనే ప్రెస్టన్‌పాన్స్ పొలాల్లో కొట్టుకున్నాయి. దొర మనిషి గుర్రమెక్కి బెర్విక్ దాకా పారిపోయాడు. అతను తిరిగి వచ్చేసరికి బాప్తిస్మం అయిపోయింది. ఆలస్యంగా ఇచ్చిన బయానా చెల్లదని తండ్రి మొండికేశాడు. అలా ఆ ఇంట్లో ఒక్క గ్రిజెల్ స్వేచ్ఛగా పెరిగింది. ఆరేళ్ళ పెద్దదైన అక్క బెథియా పెనాల కింద బొగ్గు మోస్తూ పెరిగింది.

చేపలు కోసే పనికి పోయే చెల్లెలు పెనాల దగ్గరికి ఏదో పని మీద వచ్చినా బెథియా ఊరుకునేది కాదు.

"ఇక్కడేం పనే నీకు? పో అవతలికి. ఆ చేతులు ఉప్పునీళ్ళలో పెట్టావంటే విరగ్గొడతాను."

"చేపలు కోస్తే మాత్రం చేతులు బాగుంటాయేంటక్కా?"

"చేపలు కోస్తే కంపు కొడతాయి. అంతేగా. కంపు కడుక్కుంటే పోతుంది."

గ్రిజెల్‌కు పందొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు ఒడ్డునే పింగాణీ బట్టీ పెట్టారు. అప్పటిదాకా ఆ తీరంలో ఎర్రమట్టి కుండలు, పాలగిన్నెలు చేసేవారే గానీ తెల్ల పింగాణీ ఎవరూ చెయ్యలేదు. మట్టి పిసికే పనికి గ్రిజెల్ చేరింది. ఒకరోజు రంగుల మేస్త్రీ ఏబెల్ టనిక్లిఫ్ మట్టితొట్టి పక్కన ఆగిపోయాడు. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ నుంచి వచ్చిన మనిషి అతను, మాట తక్కువ. తొట్టి చెక్క మీద బొగ్గుతో గీసిన పీత ఒకటి అతని కంటబడింది. దాని ఒక డెక్క విరిగి ఉంది.

"ఎవరు గీశారిది?"

"నేనే మాస్టారూ. చెరిపేస్తాను."

"చెరపమని ఎవడన్నాడు? డెక్క ఎందుకు విరిచావు?"

"నేను విరవలేదండీ. పొద్దున చూసినప్పుడు దానికి అలాగే ఉంది."

మర్నాటి నుంచి ఆమెకు రంగుల గదిలో పీట వేశారు.

ఆ బట్టీ మొండిది. నాలుగు వస్తువులు పెడితే ఒకటి వంకర పోయేది, ఒకటి పగిలేది. వాళ్ళ ముదురు నీలం చూడ్డానికి గొప్పగా ఉండేది గానీ, కాలేటప్పుడు పూతతో పాటు కిందికి కారేది. బంగారు రేకు జిగురుతో అంటించేవారు. ఏడాది కడిగితే అది పోయేది. పగలని వాటి మీద కూడా నల్ల మచ్చలు పడేవి. ఆ మచ్చల మీద గ్రిజెల్ ఎర్ర వీపు, నల్ల చుక్కలున్న అక్షింతల పురుగును గీసేది. ఆకు ఆకారపు పళ్ళెంలో ఈనె మీద ఒకటి పాకుతున్నట్టు, సాసు గిన్నె అంచున ఒకటి రెక్క విప్పుతున్నట్టు ఉండేవి. ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలుసు. చేపల గంప వీపున వేసుకుని పోయే ఆడవాళ్ళు కిటికీలోకి తొంగి చూసి, "ఏమే గ్రిజెల్, ఇవాళెన్ని పురుగుల్ని కన్నావు?" అని ఎగతాళి చేసేవారు.

"మచ్చని దాచు, పరవాలేదు," అనేవాడు టనిక్లిఫ్. "పగులుని మాత్రం దాచకు. వేడి టీ పోసినవాడి ఒళ్ళో విరుగుతుంది." ప్రతి కప్పునూ వేలి కణుపుతో తట్టి చూడడం ఆమెకు అతనే నేర్పాడు. బాగున్నది మోగుతుంది. పగులున్నది దగ్గినట్టు పలుకుతుంది.

రెండో ఏడు చుట్టుపక్కల పెద్ద ఇళ్ళవాళ్ళు తమ వంశ చిహ్నాలు, పేర్లు రాయించుకోవడం మొదలుపెట్టారు. టనిక్లిఫ్ కాగితం మీద రాసిన నమూనా ఇచ్చి, "ఇది దించు," అన్నాడు. ఆమె దించింది. ఆకు దించినట్టు, పీత దించినట్టు అక్షరాలు దించింది. చదవడం వచ్చా అని అతను అడగలేదు, రాదని ఆమె చెప్పలేదు. మొదటిరోజు చెప్పి ఉంటే తేలికగా పోయేది. నెలయ్యాక చెప్పడం కష్టమైంది. ఏడాదయ్యాక, చెబితే పీట తీసేస్తారనీ, మళ్ళీ మట్టితొట్టి దగ్గరికి పొమ్మంటారనీ భయం పట్టుకుంది.

ఒకసారి ఒక పెద్దమనిషి వంశ వాక్యాన్ని తలకిందులుగా గీసేసింది. టనిక్లిఫ్ ఆ పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి, "నిద్ర చాల్లేదా?" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. కాగితం చేతికి రాగానే, "పైన ఎంత జాగా వదలమంటారు మాస్టారూ?" అని అడిగేది. అతను వేలు పెట్టి చూపించేవాడు. పైభాగం ఏదో అలా తెలిసిపోయేది.

బెథియాకు ముప్ఫై దగ్గరపడుతుండగా కడుపు పండింది. అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు. ఆమె మొగుడు నినియన్ థోర్‌బర్న్ పెనాల దగ్గర మంట చూసే మనిషి, మెత్తనివాడు. ఈసారి పుట్టే బిడ్డకు బయానా తీసుకోకూడదని బెథియా మొండిపట్టు పట్టింది. బయానా పుచ్చుకోకపోతే దొరకు హక్కు లేదని గ్రిజెల్ విషయంలో తేలిపోయింది కదా.

కొడుకు పుట్టాడు. ఆచారం ప్రకారం తండ్రి తండ్రి పేరు, వాల్టర్ అని పెట్టాలనుకున్నారు. నాలుగో రోజున పెనాల పెత్తందారు గావిన్ రెన్నీ వచ్చి, పలకరిస్తున్నట్టే వంగి నాణెం ఉయ్యాలలో పడేశాడు. బెథియా బాలింత మంచం మీంచి లేచి, ఆ నాణేన్ని పటకారుతో తీసి వాకిట్లోకి విసిరింది. చేత్తో ముట్టుకోలేదు.

"పిచ్చిదానా," అన్నాడు నినియన్, అతను వెళ్ళాక. "రేపు మంట దగ్గర వాడు నన్ను పీక్కు తింటాడు."

"తిననీ. నువ్వు పెద్దాడివి, అరిగించుకుంటావు. వీణ్ణి మాత్రం తిననివ్వను."

తర్వాత చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "వీడికి నాలుగేళ్ళు రానీ, నీ పీట పక్కన పీట వేయించు. నీలాగే పురుగులు గీస్తాడు," అంది. గ్రిజెల్ పసివాడి వేళ్ళు విప్పి చూసింది. పొడుగు వేళ్ళు. కుంచెకు పనికొచ్చేవే.

బాప్తిస్మానికి వారం ముందు గావిన్ రెన్నీ బట్టీకి వచ్చాడు. టనిక్లిఫ్ మంట దగ్గర ఉన్నాడు. రంగుల గదిలో గ్రిజెల్ ఒక్కతే ఉంది.

"అమ్మాయ్, మీ అక్క నా మొహాన తలుపేసింది. వేయనీ, ఆడదాని కోపం. పసివాడి మీద నాకేం పగ? దొరగారు ఒక కప్పు చేయించి ఇమ్మన్నారు. పేరు కప్పు."

"నిజంగానా అయ్యగారూ?"

"మంచిది చెయ్యాలి. నీలం, బంగారం, మన దేశపు ముళ్ళపువ్వు, అన్నీ ఉండాలి. ఇదుగో కాగితం. పేరు, తారీకు, కింద దొరగారి తరఫున రెండు ముక్కలు. ఇదే పై వైపు." ఆ చివరిమాట ఎందుకన్నాడో ఆమెకు తర్వాత ఎన్నో ఏళ్ళు ఆలోచించినా తేలలేదు. బహుశా అతనికి తెలుసేమో. "నా చేత్తో ఇస్తే మీ అక్క పుచ్చుకోదు. నీ చేత్తో ఇవ్వు. మీరూ మీరూ ఒకటి."

కాగితం మీద మూడు వరుసలున్నాయి. మొదటిది పేరని ఆమె పోల్చుకుంది. ఆ ముందక్షరం ఎన్నో కప్పుల మీద దించినదే. రెండోది అంకెలు, అవి ఆమెకు వచ్చు. మూడో వరుస రెండు ముక్కలు కాదు, పొడుగ్గా ఉంది. గోడ అవతల టనిక్లిఫ్ దగ్గుతున్నాడు. లేచి పది అడుగులు వేస్తే చాలు, ఇదేమిటి మాస్టారూ అని అడగవచ్చు. ఆమె లేచింది కూడా. కానీ ఏమని అడగాలి? రెండేళ్ళుగా అక్షరాలు గీస్తున్న మనిషి, ఇందులో ఏముంది అని అడగడమా? మళ్ళీ కూర్చుంది. దొరగారి దీవెన అయ్యుంటుందిలే అనుకుంది. అలా అనుకోవడం ఆమెకు హాయిగా ఉంది.

ఆ కప్పు ఆమె చేసిన పనిలోకెల్లా గొప్పది. నీలం ఒక్క చుక్క కూడా కారలేదు. మధ్యలో వదిలిన తెల్ల జాగాకు రెండు వైపులా ముళ్ళపువ్వులు, వాటి ముళ్ళు ఒక్కొక్కటీ వేరుగా. పిడి కింద ఒక నల్ల మచ్చ పడితే అక్కడ అక్షింతల పురుగు. మూడో వరుసను ఆమె ఊపిరి బిగబట్టి గీసింది. చిన్న బట్టీలో రంగులు కాలి చల్లారాక టనిక్లిఫ్ దాన్ని బయటికి తీసి తట్టాడు. గంట మోగినట్టు మోగింది. వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ పిల్లాడు మీవాడే కదూ?"

"మా అక్క కొడుకు మాస్టారూ."

"ఇందులో ఉన్న మాట మీ వాళ్ళకి సమ్మతమేనా?"

ఆమె దొరికిపోయాననుకుంది. చదవమంటాడేమోనని, అతను నోరు తెరిచేలోపే, "సమ్మతమే మాస్టారూ, అందరికీ సమ్మతమే," అంది.

అతను తల ఊపి కప్పును గడ్డిలో చుట్టాడు. పరాయి దేశపు మనిషి. ఈ తీరపు ఆచారాలు ఎవరి తలనొప్పి వాళ్ళదని ఊరుకున్నాడు.

ఆదివారం చర్చిలో నినియన్ బిడ్డను ఎత్తి పట్టుకున్నాడు, పాస్టరు గారు నీళ్ళు చల్లారు. తర్వాత ఇంటి దగ్గర ఓట్స్ రొట్టె, జున్ను, ఎండబెట్టిన చేప, ఎక్కడో అరువు తెచ్చిన పీపాడు బీరు. ఇద్దరు సంఘపెద్దలు వచ్చారు. వాళ్ళ వెనకే గావిన్ రెన్నీ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. బెథియా అతన్ని చూసి రెండు చేతులూ అప్రాను కింద దాచుకుంది.

గ్రిజెల్ గడ్డి విప్పింది. గదిలో అందరూ ఒక్కసారి ముందుకు వంగారు. ఆ ఇంట్లో అప్పటిదాకా పింగాణీ అడుగుపెట్టలేదు.

"నువ్వు చేశావా?" అంది బెథియా.

"మొత్తం నేనే అక్కా. పురుగు కూడా ఉంది చూడు."

బెథియా అప్రాను కింద నుంచి చేతులు తీసి, రెండు చేతులతోనూ కప్పు అందుకుంది. బొగ్గు పట్టేసిన ఆ వేళ్ళ మధ్య అది మరీ తెల్లగా కనిపించింది. నినియన్‌కు ఇచ్చింది. అతను అందులో బీరు పోసుకుని, కొడుకు పేరు చెప్పి తాగాడు. సంఘపెద్దలు నవ్వుతూ చూశారు.

అప్పుడు గావిన్ రెన్నీ టోపీ తీసి, "పెద్దలు చూశారు కదా," అన్నాడు. "ఒకసారి కప్పు మీదున్నది చదివి వినిపిస్తారా?"

పెద్దవాడైన సంఘపెద్ద కళ్ళు చికిలించి మెల్లగా చదివాడు. "వాల్టర్ థోర్‌బర్న్. పదిహేడు వందల అరవై ఏడు, మే నెల పదో తేదీ. దొరగారి ఉప్పు పెనాలకు... బయానాగా పుచ్చుకొన్నది." చివరిమాట దగ్గర అతని గొంతు తగ్గింది.

బెథియా చెల్లెలి వైపు తిరిగింది.

"ఇది నువ్వే రాశావా?"

"నేనే."

"ఏం రాశావే?"

"తెలీదక్కా."

"తెలీకుండా ఎలా రాశావు?"

గావిన్ రెన్నీ అప్పటికే టోపీ పెట్టుకుంటున్నాడు. బెథియా కప్పు లాక్కుని అతని కాళ్ళ దగ్గర పెట్టింది. "తాగిన కప్పు వాపసు తీసుకోమమ్మా," అని అతను దాన్ని దాటుకుని వెళ్ళిపోయాడు. అక్కాచెల్లెళ్ళు పాస్టరు గారి దగ్గరికి పరిగెత్తారు. చదవకుండా పుచ్చుకుంటే పుచ్చుకోనట్టు కాదనీ, ఇద్దరు సాక్షులున్నారనీ ఆయన నేల చూపులు చూస్తూ చెప్పారు.

ఇంటికి వచ్చాక గ్రిజెల్ కప్పును నేలకేసి కొట్టబోయింది. బెథియా చెయ్యి పట్టుకుంది.

"పెట్టు కింద. అది నీది కాదు, పిల్లాడిది."

దాన్ని తీసుకుపోయి అటక మీద రాతలు గోడ వైపు ఉండేలా పెట్టింది. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోకపోలేదు. ఉప్పు, జబ్బులు, వాన, అన్నీ మాట్లాడుకున్నారు. ఆ ఒక్క సంగతీ తప్ప.

సోమవారం పనిలోకి వెళ్ళి గ్రిజెల్ పీట మీద కూర్చోలేదు. టనిక్లిఫ్‌కు అంతా చెప్పింది. అతను చేతిలోని కుంచెను కడిగి, తుడిచి, మళ్ళీ కడిగాడు.

"నేను అడిగాను కదా."

"అడిగారు మాస్టారూ."

"రాదని ఒక్క మాట అని ఉంటే చదివి పెట్టనా?"

"పీట తీసేస్తారనుకున్నాను."

"ఆ చేతిని ఎవడు వదులుకుంటాడే? చదువు రాకపోవడం మచ్చే, చెప్పుంటే సరిపోయేది." అతను పగిలిన పళ్ళెం ముక్క ఒకటి తీసుకుని, దాని మీద ఒక అక్షరం రాసి, "దీన్ని ఏమంటారో చెప్పు," అన్నాడు. అలా పెంకుల మీదే ఆమె చదువు నేర్చుకుంది. ఏడాదిన్నర పట్టింది. అక్షరాలు కూడి మాటలు కావడం మొదలయ్యాక, అంతకుముందు తను దించిన వాక్యాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి అర్థమవుతుండేవి. మూడో వరుస మాత్రం ఆమెకు ముందే నోటికి వచ్చు.

వాల్టర్‌కు ఏడో ఏడు రాగానే పెనాల కింద బూడిద లాగే పనిలో పెట్టారు. మరుసటి ఏడే కొత్త చట్టం వచ్చింది. ఇకమీద పుట్టినవాళ్ళకు బయానా లేదు. ఇదివరకే కట్టుబడినవాళ్ళకు వయసును బట్టి ఇన్నేళ్ళని గడువు, ఆ తర్వాత కోర్టులో అర్జీ పెట్టుకోవాలి. వాల్టర్‌కు ఏడేళ్ళ గడువు పడింది. ఆలోపు పింగాణీ బట్టీ మూతపడింది. టనిక్లిఫ్ తన ఊరికి వెళ్ళిపోయాడు. గ్రిజెల్ ఎర్రమట్టి పాలగిన్నెల మీద తెల్ల చుక్కలు పెట్టే పనిలో కుదిరింది. వాల్టర్‌కు పదకొండో ఏట కాలు జారి కుడిచెయ్యి మరుగుతున్న పెనంలో పడింది. చిటికెన వేలు, పక్క వేలు అతుక్కుపోయాయి.

గడువు తీరిన వేసవిలో అర్జీ గ్రిజెలే రాసింది. రాసి, మూడుసార్లు చదువుకుంది. హాడింగ్‌టన్ కోర్టు గుమాస్తా దాన్ని చూసి, "దస్తూరీ ముత్యాల్లా ఉంది, ఏ లాయరు రాశాడు?" అన్నాడు. తర్వాత కుర్రాడి వయసుకు రుజువు అడిగాడు. చర్చి పుస్తకంలో ఆ ఏటి పేజీలు చెమ్మ పట్టి అతుక్కుపోయాయి. గ్రిజెల్ గంపలో నుంచి కప్పు తీసి బల్ల మీద పెట్టింది. గుమాస్తా పేరు, తారీకు రాసుకున్నాడు. మూడో వరుస చదివి, ఆమె మొహంలోకి ఒకసారి చూసి, ముద్ర వేశాడు.

ఇద్దరూ నడిచి వస్తుంటే వాల్టర్ కప్పును ఎడమచేత్తో పట్టుకుని తిప్పి చూశాడు. బంగారం ఎప్పుడో పోయింది.

"పిన్నీ, ఈ పురుగు భలే ఉందే. ఎగిరేట్టుంది."

"దాని కింద మచ్చ ఉంది నాయనా."

"కనపడదే మరి."

"సోమవారం నుంచి ఏం చేస్తావు?"

"పెనానికే పోతా. ఇంకేం వచ్చు నాకు?" అని నవ్వాడు. "ఇప్పుడు జీతం అడగొచ్చుగా." అతుక్కున్న వేళ్ళతోనే కప్పును తట్టాడు. బాగానే మోగింది.

బెథియా వాకిట్లో వల బాగుచేస్తూ కూర్చుని ఉంది. కాగితం చేతికిస్తే చూసి మడిచి రవికలో దోపుకుంది. తర్వాత కప్పు కోసం చెయ్యి చాపింది.

"చదువు," అంది. "ఇప్పుడు నీకు వచ్చుగా. అంతా చదువు."

పదిహేనేళ్ళలో ఆమె అడగడం అదే మొదలు. గ్రిజెల్ చదివింది. పేరు చదివింది, తారీకు చదివింది, మూడో వరుస చదివింది.

"ఇంతేనా?" అంది బెథియా.

"ఇంతే."

"ఇంకా చాలా ఉందనుకున్నాను."

ఆమె లేచి లోపలికి వెళ్ళి కప్పును మళ్ళీ అటక మీద పెట్టింది. రాతలు గోడ వైపుకే తిప్పింది. పిడి కింది పురుగు మాత్రం ఇటువైపు కనబడుతోంది. గ్రిజెల్ గుమ్మంలో నిలబడి దాన్ని చూసింది. కాసేపాగి, అక్క వదిలేసిన వల అందుకుని ముడులు వెయ్యసాగింది.